సోలస్ చేసింది కరెక్టేనా? డ్రెడ్ వుల్ఫ్ ప్లాన్‌ని లైన్ బై లైన్ చూద్దాం

ఈ ఎపిసోడ్ చాలా రోజులుగా పెండింగ్‌లో ఉంది. డ్రాగన్ ఏజ్ గురించి ఎప్పుడు మాట్లాడినా చర్చ చివరికి ఒకే చోటికి వచ్చి ఆగుతుంది. సోలస్. కొందరు "ఆయన చేసింది వంద శాతం కరెక్ట్ బ్రో" అంటారు. ఇంకొందరు "తియ్యగా మాట్లాడే హంతకుడు, అంతే" అంటారు. మధ్యలో ఎవరూ లేరు. ఈ రోజు రెండు సైడ్లూ పూర్తిగా పెట్టి, తర్వాత నా తీర్పు చెప్తాను. ఒప్పుకోవాలని రూలేం లేదు.

స్పాయిలర్ వార్నింగ్. మామూలు వార్నింగ్ కాదు, ఫుల్ వార్నింగ్. 2014లో వచ్చిన ఇన్‌క్విజిషన్, 2015లో వచ్చిన ట్రెస్‌పాసర్ డీఎల్‌సీ, 2024లో వచ్చిన వెయిల్‌గార్డ్, మూడిటి క్లైమాక్స్‌లూ చెప్పేస్తాను. ఆడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆపేయండి, ఆడాక రండి. మనలో చాలామంది దగ్గర పీసీ, కన్సోల్ ఉండవు, ఫోన్‌లోనే గేమ్‌ప్లే వీడియోలు చూసి కథ ఫాలో అవుతారు. వాళ్లకి అర్థమయ్యేలా మొదటి నుంచి చెప్తాను.

సోలస్ ఎవరు? ఇన్‌క్విజిషన్ మొదట్లో ఒక గుండు ఎల్ఫ్ మన టీమ్‌లోకి వస్తాడు. మెల్లగా మాట్లాడతాడు. మంత్రాలు తెలుసు. పాత శిథిలాల్లో పడుకుని, అక్కడ జరిగిన చరిత్రని కలలో చూస్తానంటాడు. ఆకాశంలో పెద్ద చిల్లు పడింది, మన హీరో చేతి మీద పచ్చని గుర్తు పడింది, ఆ గుర్తు మనల్ని చంపేయకుండా కాపాడిన మనిషి ఈయనే. ఇంకో చిన్న డీటెయిల్. ఈయనకి టీ అంటే అసహ్యం. టీ పడని మనిషిని మనం అప్పుడే అనుమానించాల్సింది, సరే వదిలేయండి.

గేమ్ అంతా అయిపోయి, క్రెడిట్స్ పడ్డాక తెలుస్తుంది. ఈయన పేరు ఫెన్‌హరెల్. డ్రెడ్ వుల్ఫ్. డేలిష్ ఎల్ఫ్‌ల కథల్లో దేవుళ్లని మోసం చేసి బంధించిన తోడేలు. వాళ్ల మకాం దగ్గర ఆ తోడేలు విగ్రహాన్ని బయటివైపు ముఖం తిప్పి పెడతారు. అంత భయం. ఆ తోడేలు మనతో కూర్చుని భోంచేసింది, గోడల మీద బొమ్మలు గీసింది, సలహాలు ఇచ్చింది.

ఇప్పుడు ప్లాన్. నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ని కాబట్టి నాకు అర్థమైన భాషలో చెప్తాను. సోలస్ జీవితం మొత్తం ప్రొడక్షన్‌లో ఒక్కడే కూర్చుని, ఎవరికీ చెప్పకుండా, ఒకదాని మీద ఒకటి హాట్‌ఫిక్స్ వేసుకుంటూ పోయిన ఇంజనీర్ కథ. నాలుగు ఫిక్స్‌లు. వరసగా చూడండి.

మొదటి ఫిక్స్. వేల ఏళ్ల క్రితం. అప్పుడు సోలస్ ఒక స్పిరిట్, జ్ఞానానికి సంబంధించిన ఆత్మ. శరీరం లేదు. మిథాల్ అనే ఆమె పిలిస్తే, తనకి ఇష్టం లేకపోయినా శరీరం తీసుకున్నాడు. ఎల్ఫ్‌లకీ, భూమి లోపల ఉండే టైటన్స్ అనే మహాకాయులకీ యుద్ధం. ఆ యుద్ధం గెలవడానికి సోలస్ లిరియంతో ఒక బాకు తయారు చేశాడు. ఆ బాకుతో టైటన్ల కలల్ని వాళ్ల నుంచి కోసేశారు. యుద్ధం ముగిసింది. కానీ కోసేసిన ఆ కలలు పిచ్చెక్కి, కుళ్లిపోయి, బ్లైట్ అయ్యాయి. డ్రాగన్ ఏజ్ మొదటి పార్ట్ నుంచి మనం చూస్తున్న ఆ విషానికి మూలం ఇదే.

రెండో ఫిక్స్. యుద్ధం గెలిచిన ఎల్ఫ్ నాయకులు తమని తాము దేవుళ్లమని ప్రకటించుకున్నారు. వాళ్లే ఎవనూరిస్. జనాన్ని బానిసలుగా పెట్టుకున్నారు, మొహాల మీద గుర్తులు వేశారు. సోలస్ తిరుగుబాటు చేశాడు, బానిసల్ని విడిపించాడు. ఆ దేవుళ్లలో కాస్త మంచిగా ఉన్న మిథాల్‌ని మిగతావాళ్లు చంపేశారు. అప్పుడు సోలస్ వాళ్లందరినీ బంధించి, ప్రపంచానికి అడ్డంగా ఒక తెర వేశాడు. అదే వెయిల్. అంతకుముందు కలల లోకం, మెలకువ లోకం ఒకటే. తెర పడ్డాక రెండుగా విడిపోయాయి. దేవుళ్లు లోపల ఇరుక్కున్నారు. కానీ ఎల్ఫ్‌లకి చావు లేకుండా చేసిన మాయ కూడా పోయింది. నగరాలు కూలిపోయాయి. సోలస్ అలిసిపోయి వేల ఏళ్లు నిద్రలోకి వెళ్లాడు.

మూడో ఫిక్స్. ఇన్‌క్విజిషన్ కథకి ఒక సంవత్సరం ముందు లేచాడు. చూస్తే ఎల్ఫ్‌లు మురికివాడల్లో, అడవుల్లో బతుకుతున్నారు. తెర తీసేయాలి. దానికి తన శక్తి దాచిన గోళం కావాలి, కానీ దాన్ని తెరిచే బలం ఇప్పుడు లేదు. అందుకని అది కోరిఫియస్ అనే దుర్మార్గుడి చేతికి చేరేలా చేశాడు. వాడు తెరుస్తాడు, ఆ పేలుడులో వాడే చస్తాడు, గోళం నాకు తిరిగొస్తుంది, ఇదీ లెక్క. వాడు చావలేదు. శాంతి చర్చలకి వచ్చినవాళ్లంతా చచ్చిపోయారు. ఆకాశంలో చిల్లు పడింది. మన హీరో చేతి మీద ఆ గుర్తు కూడా ఈ లెక్క తప్పడం వల్లే పడింది.

నాలుగో ఫిక్స్, వెయిల్‌గార్డ్ ఓపెనింగ్. తెర తీసే తంతు మొదలుపెట్టాడు. రూక్, అంటే మన కొత్త హీరో, మధ్యలో చెడగొట్టాడు. ఇద్దరు దేవుళ్లు, ఎల్గర్‌నన్, గిలన్‌నైన్, బయటపడ్డారు. సోలస్ వాళ్ల జైల్లో పడ్డాడు.

బ్యాక్‌గ్రౌండ్ అయిపోయింది. ఇక డిబేట్.

ముందు సోలస్ సైడ్. నిజాయితీగా పెడతాను, ఎందుకంటే ఈ సైడ్ చాలామంది అనుకున్నంత వీక్ కాదు.

ఒకటి. వెయిల్ అనేది ప్రకృతి కాదు. అది ఒక మనిషి కట్టిన గోడ. ఆ గోడ వల్ల ఒక జాతి మొత్తానికి ఆయుష్షు పోయింది, భాష పోయింది, చరిత్ర పోయింది. డేలిష్ ఎల్ఫ్‌లు గర్వంగా మొహం మీద వేసుకునే పచ్చబొట్లు నిజానికి ఒకప్పటి బానిస గుర్తులని వాళ్లకే తెలియదు. తన సంస్కృతి అనుకుని తన సంకెళ్లనే గీసుకుంటున్న జాతి. చేసినవాడికి దాన్ని సరిచేసే బాధ్యత ఉండదా?

రెండు. స్పిరిట్స్. మనుషుల దృష్టిలో అవి దెయ్యాలు. కానీ గోడ అవతల ఇరుక్కుని, బలవంతంగా ఇటు లాగబడినప్పుడే చాలా స్పిరిట్స్ దెయ్యాలుగా మారతాయి. ఇన్‌క్విజిషన్‌లో ఒక క్వెస్ట్ గుర్తుందా? సోలస్‌కి ఒక స్నేహితురాలు ఉంటుంది, జ్ఞానానికి సంబంధించిన స్పిరిట్. దొంగల నుంచి కాపాడుకోవడానికి కొందరు మంత్రగాళ్లు ఆమెని పిలిచి కట్టేస్తారు. పోరాడమంటారు. పోరాటం ఆమె స్వభావం కాదు. గర్వం అనే దెయ్యంగా మారిపోతుంది. కట్టు విప్పాక మళ్లీ మామూలవుతుంది, కానీ అప్పటికే ఆలస్యం. సోలస్ తన చేతులతోనే ఆమెకి విముక్తి ఇస్తాడు. ఆ సీన్‌లో ఆయన దుఃఖం నటన కాదు. ఒక్క విషయం పట్టుకోండి. సోలస్ అనే పేరుకి ఎల్ఫ్ భాషలో అర్థం గర్వం. జ్ఞానంగా పుట్టి, ఎవరో యుద్ధానికి పిలిస్తే వచ్చి, గర్వంగా మారిన స్పిరిట్. అది ఆ స్నేహితురాలి కథే కాదు, ఈయన కథ కూడా.

మూడు. జైలు ఎలాగూ పాడవుతోంది. ఎవనూరిస్ ఏదో ఒక రోజు బయటికి వస్తారు. సోలస్ ఆ దేవుళ్లని కొత్త జైలుకి మార్చి, తర్వాత తెర తీద్దామనుకున్నాడు. ఆపింది రూక్. కాబట్టి దేవుళ్లు బయటపడిన తప్పు సోలస్‌ది కాదు, రూక్‌దే అని ఈ సైడ్ వాదన. మనం ప్లేయర్లం కాబట్టి ఇది వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ కొంత నిజముంది.

ఇప్పుడు ఎదుటి సైడ్. ఇది సింపుల్. తెర తీస్తే ఇప్పుడున్న ప్రపంచం మునుగుతుంది. ట్రెస్‌పాసర్‌లో సోలస్ ఈ మాట దాచలేదు, తన లోకం తిరిగి రావాలంటే ఈ లోకం పోవాల్సి రావచ్చని మనకే చెప్పాడు. సగం తంతుకే మిన్‌రాథస్ నగరం మీద దెయ్యాలు విరుచుకుపడ్డాయి. పూర్తయితే ఎంతమంది? వాళ్లలో ఎవరినైనా ఆయన అడిగాడా? లేదు.

సోలస్ ఫ్యాన్స్ ఇక్కడ ఒక మాట అంటారు. "ఆయనకి వేరే దారి లేదు, ఆయన కూడా బాధపడుతున్నాడు కదా." బాధపడుతున్నాడు, ఒప్పుకుంటాను. కానీ ఆ బాధని చూసి మనం మార్కులు వేసేస్తున్నామా అన్నదే నా డౌట్. అందుకే ఆయన మాటలు పక్కన పెట్టి, ఆయన చేసిన పనులు మాత్రమే చూద్దాం.

మొదటి పని, ఐరన్ బుల్‌తో చదరంగం. ఇది చాలామంది మిస్సయ్యే సీన్, ఎందుకంటే నడుస్తున్నప్పుడు వచ్చే మాటల్లో ఉంటుంది. బుల్ తన మనుషుల్ని కాపాడుకోవడానికి తన జాతికే దూరమైతే, లోపల కుంగిపోతాడు. సోలస్ అది గమనించి, బోర్డు లేకుండా నోటితోనే చెస్ ఆడదాం రా అంటాడు. రెచ్చగొట్టి మరీ ఆడిస్తాడు. అది స్నేహం, అనుమానమే లేదు. కానీ ఆ ఆట ఎలా గెలుస్తాడో చూడండి. ఆ ఎత్తులు 1851లో లండన్‌లో ఆండర్సన్, కీసెరిట్స్కీ ఆడిన ఇమ్మోర్టల్ గేమ్ ఎత్తులు. చెస్ ఆడేవాళ్లకి తెలుసు, అందులో గెలిచినవాడు ఏనుగులు రెండూ ఇచ్చేస్తాడు, మంత్రిని కూడా ఇచ్చేస్తాడు, చివరికి చిన్న పావులతో మేట్ చేస్తాడు. స్నేహితుణ్ని ఓదారుస్తూనే, నా దగ్గరున్నదంతా బలిచ్చి గెలుస్తాను అని చెప్పేశాడు. బుల్ కూడా పట్టుకోలేకపోయాడు, బుల్ గూఢచారి అయ్యుండి!

రెండో పని, ఫెలసాన్. ఇది గేమ్‌లో కాదు, ద మాస్క్‌డ్ ఎంపైర్ అనే నవలలో ఉంది. 2014లోనే వచ్చింది, రాసింది ప్యాట్రిక్ వీక్స్. సోలస్ పాత్రని రాసిన రచయిత కూడా వీక్సే. ఫెలసాన్ సోలస్‌కి పాత కాలం నుంచి నమ్మకమైన మనిషి. మాయ అద్దాలని తెరిచే రహస్య పదం తెమ్మని పంపితే, బ్రియాలా అనే మామూలు ఎల్ఫ్ అమ్మాయితో కలిసి తిరిగి, ఆమె మీద గౌరవం పెరిగి, ఆ పదం తెచ్చివ్వను అంటాడు. ఇప్పటి మనుషులు కూడా మనుషులే అని అతనికి అర్థమైంది. సోలస్ ఏం చేశాడు? చంపేశాడు. కోపంతో కాదు. అదే భయంకరం. వాదించడానికి కూడా టైమ్ తీసుకోలేదు.

అదే నవలలో ఫెలసాన్ ఒక కథ చెప్తాడు. ఒక ఊరి మీద పెద్ద మృగం పడుతోంది. ఊరివాళ్లు ఫెన్‌హరెల్‌ని దాన్ని చంపమని వేడుకున్నారు. ఎదురుగా నిలబడితే గెలవలేనని ఆయనకి తెలుసు. అందుకని ఆకాశంలోకి ఒక బాణం వదిలి వెళ్లిపోతున్నాడు. "మరి మమ్మల్ని ఎలా కాపాడతావు?" అని అడిగితే, కాపాడతానని నేనెప్పుడు చెప్పాను అన్నట్టు మాట్లాడాడు. ఆ రాత్రి మృగం వచ్చి పెద్దవాళ్లందరినీ చంపింది. పిల్లల దగ్గరికి వచ్చి నోరు తెరిచినప్పుడు, పైనుంచి ఆ బాణం దిగి సరిగ్గా దాని నోట్లో పడింది. మృగం చచ్చింది. పిల్లలు అమ్మానాన్నల కోసం ఏడుస్తూనే ఆయనకి దండం పెట్టారు. ఎందుకంటే అడిగిన పని చేశాడు కదా. ఫెలసాన్ అనే పేరుకి అర్థం కూడా నెమ్మదైన బాణం అనే.

ఈ ఒక్క కథలో సోలస్ ప్లాన్‌లన్నీ ఉన్నాయి. మాట తప్పడు. లెక్క కూడా చాలాసార్లు తప్పదు. కానీ బాణం వదిలిన క్షణానికీ, అది దిగే క్షణానికీ మధ్య చచ్చేవాళ్లు ఆ లెక్కలో ఉండరు.

మూడో పని, నాకు చాలా ముఖ్యమైనది. అసలు ఆయన వెనక్కి తేవాలనుకుంటున్న ప్రపంచం ఏది?

ఇది కాస్త జాగ్రత్తగా వినండి. రోల్‌బ్యాక్ చేయాలంటే ఒక రిస్టోర్ పాయింట్ కావాలి కదా. ఏ తేదీకి వెనక్కి వెళ్తున్నాం అని. సోలస్ పెట్టుకున్న రిస్టోర్ పాయింట్ వెయిల్ వేయడానికి ముందు. మరి ఆ ప్రపంచం మంచిదా? అందులో బానిసలు ఉన్నారు. దేవుళ్లమని చెప్పుకునే నియంతలు ఉన్నారు. అంతకన్నా పెద్దది, అప్పటికే టైటన్ల కలలు కోసేశారు. అప్పటికే బ్లైట్ పుట్టింది. అంటే ఆయన వెనక్కి వెళ్లాలనుకునే వర్షన్‌లో ఆయన చేసిన మొదటి తప్పు అలాగే ఉంది.

ఇక్కడే డ్వార్ఫ్‌లు వస్తారు. డ్వార్ఫ్‌లకి కలలు రావు, మాయ రాదు. ఇది మొదటి గేమ్ నుంచి ఉన్న విషయమే, ఎందుకో మనకి తెలియదు. వెయిల్‌గార్డ్‌లో తెలిసింది. వాళ్లు టైటన్ల సంతానం. టైటన్ల కలలు కోసేసినప్పుడు వీళ్ల కలలు కూడా పోయాయి. సోలస్ బాకుకి మొదటి బాధితులు ఎల్ఫ్‌లు కాదు, డ్వార్ఫ్‌లు. వెయిల్ తీసేస్తే ఎల్ఫ్‌లకి ఏదో ఒకటి తిరిగొస్తుంది. డ్వార్ఫ్‌లకి ఏమొస్తుంది? ఏమీ రాదు. ఇన్నేళ్లు ప్రాయశ్చిత్తం అని తిరిగిన మనిషి లిస్టులో మొదటి పేరే లేదు.

ఇప్పుడు ఇంకోటి చెప్తాను. వెయిల్‌గార్డ్ మొదట్లో సోలస్‌తో మాట్లాడి ఆపుదామని ముందుకెళ్లింది ఎవరు? వ్యారిక్. ఇన్‌క్విజిషన్‌లో ఆయనతో కలిసి తిరిగిన పాత స్నేహితుడు. వ్యారిక్ ఎవరు? డ్వార్ఫ్. సోలస్ దేనితో పొడిచాడు? అదే లిరియం బాకుతో. ఆ పైన, వ్యారిక్ చచ్చిపోయాడన్న విషయం రూక్‌కి తెలియకుండా మాయ చేసి, గేమ్ దాదాపు చివరివరకూ బతికే ఉన్నాడనిపించాడు. ఆ రివీల్ వచ్చినప్పుడు చాలామంది ఏడ్చారు, నేను కూడా కంట్రోలర్ పక్కన పెట్టేశాను. కానీ ఏడుపు ఒక్కటే కాదు. ఈ రోల్‌బ్యాక్‌ని ఎవరి పేరు మీద చేస్తున్నావు బాబూ అన్న కోపం కూడా వచ్చింది.

సో, మోటివ్ ఏంటి? నా ఆన్సర్ ఇది. ఎల్ఫ్‌ల కోసం అని ఆయన అంటాడు, అది అబద్ధం కాదు, కానీ సగమే. అన్ని బాధితుల కోసమైతే డ్వార్ఫ్‌లు లిస్టులో ఉండాలి. ఇప్పటి ఎల్ఫ్‌ల కోసమైతే వాళ్లని అడగాలి. ఆ రిస్టోర్ పాయింట్ దగ్గర ప్రత్యేకంగా ఉన్నది ఒక్కటే. మిథాల్ బతికి ఉన్న ప్రపంచం అది. తనని పిలిచిన మనిషి, తనని ఆయుధంగా మార్చిన మనిషి, తను కాపాడలేకపోయిన మనిషి. ఆమెకి ఇచ్చిన మాట కోసం మిగతా ప్రపంచం అంతా పావులైపోయింది.

దీనికి గేమ్ లోపలే ఒక గట్టి ఆధారం ఉంది. సోలస్ పడిన ఆ జైలు పశ్చాత్తాపం మీద కట్టింది. అంటే లోపలివాణ్ని బంధించేది వాడి సొంత బాధే. సోలస్ అందులోంచి ఎలా బయటికొచ్చాడు? తన బదులు రూక్‌ని లోపలికి నెట్టి. తర్వాత రూక్ అదే జైలులోంచి ఎలా బయటికొచ్చాడు? చచ్చిపోయిన స్నేహితుల్ని, వ్యారిక్‌తో సహా, ఎదురుగా నిలబడి ఒప్పుకుని. నావల్ల ఇది జరిగింది, నేను దీన్ని మోస్తాను అని. జైలు ఒకటే, ఖైదీలు ఇద్దరు. ఒకడు తన భారం తాను మోసి బయటపడ్డాడు. ఇంకొకడు వేరేవాడి నెత్తిన పెట్టి బయటపడ్డాడు. సోలస్ నాలుగు ఫిక్స్‌లలోనూ ఇదే ప్యాటర్న్. తప్పు తనది, బిల్లు వేరేవాళ్లది.

చాలామందికి సోలస్ ఇంతగా ఎందుకు నచ్చుతాడో కూడా నాకు ఇక్కడే అర్థమైంది. తప్పు చేసి, దాన్ని తలుచుకుని నిద్రపట్టని మనిషిని చూస్తే మనకి జాలి వేస్తుంది. వేయాలి కూడా. కానీ "నేను చాలా బాధపడుతున్నాను" అనేది "కాబట్టి నాకు హక్కుంది" అని మారకూడదు. ఇంట్లో చూడండి, ఎవరో ఒకరు ఎప్పుడో తప్పు నిర్ణయం తీసుకుంటారు. దాన్ని సరిచేయాలని ఇంకో అప్పు చేస్తారు, ఇంకోటి అమ్ముతారు, ఎవరికీ చెప్పరు. అంతా మీకోసమే అంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కానీ ఒక్కసారి కూర్చుని అందరినీ అడిగి ఉంటే సగం నష్టం ఆగేది. అడగాలంటే ముందు తప్పు ఒప్పుకోవాలి, అదే కష్టం. గర్వం అని ఊరికే పేరు పెట్టలేదు ఆయనకి.

కానీ ఆగండి, నేను సోలస్‌ని విలన్ అని ముగించట్లేదు. ఎందుకంటే ఎండింగ్ ఉంది.

వెయిల్‌గార్డ్ చివర్లో మూడు దారులున్నాయి. కొట్టి ఆపొచ్చు, మోసం చేసి ఆపొచ్చు, లేదా ఆయనంతట ఆయనే ఆగేలా చేయొచ్చు. మూడో దారికి ఆయన జ్ఞాపకాలన్నీ వెతకాలి, మిథాల్ శక్తి మిగిలిన అంశని తెచ్చుకోవాలి, పాత హీరో ఇన్‌క్విజిటర్ కూడా కలిసిరావాలి. ఆ సీన్‌లో గమనించండి, సోలస్‌ని ఎవరూ వాదించి గెలవరు. మిథాల్ వచ్చి, ఆ తప్పులు ఇద్దరివీ, నిన్ను ఈ సేవ నుంచి వదిలేస్తున్నాను అన్నప్పుడు ఆయన కూలిపోతాడు. వేల ఏళ్లుగా ఆయనకి కావాల్సింది గెలుపు కాదు, ఆ మాట. ఎవరికి బాకీ అనుకున్నాడో వాళ్ల నోటి నుంచే బాకీ తీరిపోయిందని వినడం.

ఆ తర్వాత ఏం చేశాడు? తెర కూలిపోకుండా తన ప్రాణాన్నే దానికి కట్టేసుకున్నాడు. తెరని నిలబెట్టే జీవశక్తి ఇక ఆయనదే. వెళ్లేది ఎక్కడికి? బ్లైట్ ఉన్న చోటికి. టైటన్ల కోపాన్ని చల్లార్చడానికి. అంటే లిస్టులో లేని ఆ మొదటి పేరు చివరికి లిస్టులోకి వచ్చింది. మొదటిసారి బిల్లు తానే కట్టాడు.

కొట్టినా, మోసం చేసినా కూడా చివరికి ఆయన తెరకి కట్టబడతాడు కదా, తేడా ఏంటి అని అడగొచ్చు. ప్రపంచానికి పెద్ద తేడా లేదు. తెర నిలబడుతుంది. తేడా ఆయనకి. ఒక దారిలో అది శిక్ష, ఇంకో దారిలో అది పని. శిక్ష పడినవాడు తప్పించుకోవడానికి మళ్లీ ప్లాన్ వేస్తాడు. పని ఎంచుకున్నవాడు వేయడు. ప్రాక్టికల్‌గా చూసినా మూడోదే సేఫ్.

గేమ్ మీద నా కంప్లైంట్ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ట్రెస్‌పాసర్ చివర్లో చాలామంది ఎల్ఫ్‌లు సోలస్ వైపు వెళ్లిపోయారని చూపించారు. పనివాళ్లు, గూఢచారులు, ఈ ప్రపంచంలో పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాళ్లు. వాళ్లు వెయిల్‌గార్డ్‌లో దాదాపు మాయమైపోయారు. వాళ్లలో ఒక్కరిని మన ఎదురుగా నిలబెట్టి, "నీ ప్రపంచం కూలితే నాకేం నష్టం? నాకు ఇందులో ఏముంది?" అని అడిగించి ఉంటే, ఈ డిబేట్ ఇంకో లెవెల్‌లో ఉండేది. ఆ ప్రశ్నకి నా దగ్గర ఈజీ ఆన్సర్ లేదు. సోలస్ ప్లాన్ తప్పు అని నేను గట్టిగా చెప్పగలను. కానీ ఆ మురికివాడలో పుట్టిన ఎల్ఫ్‌కి ఉన్న ప్రపంచమే బాగుంది, సర్దుకో అని చెప్పలేను. ఆ రెండూ వేరు వేరు. సోలస్‌ని ఆపినంత మాత్రాన ఆ ఎల్ఫ్‌కి న్యాయం జరిగినట్టు కాదు.

ఫైనల్‌గా నా తీర్పు. నిజాలు తెలిసిన మనిషి సోలస్. చెప్పిన సమస్యలు నిజం. బాధ నిజం. పరిష్కారం తప్పు, ఎందుకంటే దాని ఖరీదు కట్టేవాళ్లు ఎవరూ ఆ గదిలో లేరు. ట్రెస్‌పాసర్‌లో మనం ఆయనతో స్నేహంగా ఉండి ఉంటే, తాను తప్పని నిరూపిస్తే సంతోషిస్తానన్నట్టు మాట్లాడతాడు. అలా అన్న మనిషి ఆ నిరూపించే ఛాన్స్ ఎవరికీ ఇవ్వకుండా అద్దంలోంచి నడిచి వెళ్లిపోయాడు. నాకు సోలస్ అంటే ఆ సీనే. వినాలని ఉంది, కానీ ఆగి వినడు.

ఇప్పుడు మీ వంతు. ఒక్క ప్రశ్న అడుగుతాను, అవును కాదు అని కాకుండా కారణంతో చెప్పండి. ఫెలసాన్ స్థానంలో మీరుంటే, ఆ రహస్య పదం తెచ్చిచ్చేవారా? ఇవ్వకపోతే ఏం జరుగుతుందో తెలిసి కూడా? "సోలస్ తోపు" అని ఒక్క లైన్ రాసేవాళ్లకి కూడా వెల్కమ్, కానీ ఎందుకు తోపో రెండో లైన్‌లో రాయండి.

ఈ రోజుకి ఇంతే ఫ్రెండ్స్. నచ్చితే మీ గేమింగ్ గ్రూప్‌లో షేర్ చేయండి, ముఖ్యంగా సోలస్ విషయంలో మీతో గొడవపడే ఆ ఒక్క ఫ్రెండ్‌కి. మళ్లీ కలుద్దాం. బై.